గీకని గోడ

మల్కాజిగిరి పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర చెప్పమంటే చదువుకున్నవాళ్లు ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో, ఎన్ని ఓట్ల తేడానో చెప్తారు. నేను ఆరో తరగతిలో బడి మానేసిన మనిషిని. బడే వీణ్ని మానేసిందని మా నాయిన అనేవాడు. నా దగ్గర ఆ లెక్కలు లేవు. నాకు తెలిసిన చరిత్ర అంతా గోడల మీద ఉండేది. రాసిందీ నేనే, సున్నం కొట్టి చెరిపిందీ నేనే. అది పుట్టిన నాటి నుంచి ఆ నియోజకవర్గాన్ని నా అంత దగ్గరగా, అంటే జానెడు దూరం నుంచి, చూసినవాడు ఇంకొకడు ఉండడు.

ఇప్పుడు బ్రష్షులు కడిగి పెట్టేశాను. మోకాళ్లు నిచ్చెన ఎక్కమంటే ససేమిరా అంటున్నాయి. మీరంతా ఓటెక్కడుందో ఫోనులో వేలితో వెతుక్కునే పిల్లలు. ఫోను తప్పు చెప్తే ఫోనును తిడతారు. గోడ తప్పు చెప్తే ఎవర్ని తిట్టాలో ఆ రోజు శామీర్‌పేటలో ఎవరికీ తెలియలేదు. నాకు తప్ప.

నాది అత్వెల్లి. మేడ్చల్ రోడ్డు పొడుగునా టైర్ల షాపులు, ఎరువుల కొట్లు, దాబాలు, పంక్చర్ డబ్బాలు, వాటి మీద అక్షరాలు చాలావరకు నా చేతివే. పని నేర్పింది శామీర్‌పేట మసీదు గల్లీలో ఉండే ఒక పెద్దాయన. ఊరంతా ఆయన్ను ఉస్తాద్ అనే పిలిచేది. తెలుగు, ఉర్దూ రెండూ ముత్యాల్లా రాసేవాడు. రెండింటిలోనూ తక్కువే మాట్లాడేవాడు. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆ గల్లీలో లేరు. నేనేమో నోరు మూస్తే అన్నం అరగని రకం. ఇద్దరం ఒకే నిచ్చెన మోస్తూ పోతుంటే జనం చూసి నవ్వుకునేవాళ్లు.

ఉస్తాద్‌కు ఒక్కటే నియమం. పాత అక్షరం మీద కొత్త అక్షరం పెట్టొద్దు. ముందు ఇనుప పట్టీతో గీకాలి. సున్నం కొట్టాలి. ఒక రోజు ఎండనివ్వాలి. అప్పుడే బ్రష్షు ముట్టాలి.

"ఎందుకు ఉస్తాద్, పాత గీతల మీద నుంచే పోతే జల్దీ అయిపోతది గద?" అని ఒకసారి అడిగాను.

"గోడ ఖాళీగ ఉంటెనే నువ్వు ఆళ్లు రాసిచ్చిన చిట్టీ సదువుతవ్ బేటా. పాతది కనబడ్తుంటె చెయ్యి దాని అంతట అదే నడుస్తది. కండ్లు పండుకుంటయ్."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఇంకొకటి కూడా ముందే ఒప్పుకోవాలి. నాకు మజాక్ పిచ్చి. ఒక ఎండాకాలం మసీదు గల్లీ నల్లా పక్కన గోడ మీద అచ్చం సర్కారు అక్షరాలతో 'రేపటి నుండి నీరు వారమునకు ఒక్కసారి మాత్రమే' అని రాసి, ఎదురుగా టీ హోటల్లో కూర్చున్నాను. సాయంత్రానికి గల్లీలో బిందెలు, బకెట్లు, డేగీసాలు, ఒకరింట్లో పసిబిడ్డ ఉయ్యాల తొట్టి కూడా నిండిపోయాయి. మర్నాడు పొద్దున నల్లా ఎప్పట్లాగే వచ్చింది. గల్లీ ఆడవాళ్లు ఆ నీళ్లన్నీ తెచ్చి నా మీదే పోశారు. నేను తడుస్తూ కూడా నవ్వాను. ఉస్తాద్ మాత్రం ఆ గోడ గీకించేదాకా నాతో మాట్లాడలేదు. "గోడ మీద రాసింది జనం నమ్ముతరు. నిన్ను గాదు, గోడను," అన్నాడు.

అట్లాంటి మాకు 2009 వచ్చింది. దానితో పాటు కొత్త నియోజకవర్గం వచ్చింది.

అంతకుముందు మా పార్లమెంటు ఓటు ఎక్కడో దూరపు ఊరి పేరుతో ఉండేది. ఒక్కసారిగా మమ్మల్ని అక్కణ్నుంచి కోసి పట్నం అంచుకు కుట్టారు. అత్వెల్లి రైతు, సూరారం ఫ్యాక్టరీ మనిషి, కొంపల్లి విల్లాలో కుక్కను నడిపించే సారు, ముగ్గురూ ఒకే ఎంపీకి ఓటేయాలి. దేశంలోనే అందరికన్నా ఎక్కువ ఓటర్లున్నది ఇదేనని పేపర్లో రాశారట. పేపరు చదివి వినిపిస్తే మా ఊరి పెద్దమనిషి ఒకాయన చుట్ట తీసి పక్కన పెట్టి, "గంత మంది అయితె గాయన మన ముఖం సూసుడెప్పుడు?" అన్నాడు. నేను గోడ మీద మల్కాజిగిరి అని రాస్తుంటే వెనక నుంచి ఒకామె, "తమ్మీ, మనది మేడ్చల్ గద, పక్కూరి పేరు రాస్తున్నవేంది?" అంది. "అక్కా, మనకు కొత్త సంబంధం కుదిరింది, అత్తగారి పేరు గిదే," అన్నాను.

ఆ ఎన్నికలో మాకు చేతినిండా పని. పార్టీవాళ్లు వచ్చి గోడలు మాట్లాడుకున్నారు. రాశాం. ఎన్నికల కోడ్ వచ్చిందని ఆఫీసువాళ్లు వచ్చి చెరపమన్నారు. చెరిపాం. పొద్దున నా చేత్తో రాసిన గుర్తును సాయంత్రం నా చేత్తోనే సున్నంలో ముంచిన రోజులున్నాయి. ఏ పార్టీ అని అడిగితే సున్నం పార్టీ అని చెప్పేవాణ్ని.

ఆ పనుల్లో సర్కారుది ఒకటుంది. బళ్లలో పోలింగు గదుల పక్కన పసుపు చదరం కొట్టి, నల్ల అక్షరాలతో కేంద్రం నంబరు, కింద ఏయే గల్లీలవాళ్లు అక్కడ ఓటేయాలో రాయాలి. శామీర్‌పేట బడిలో మూడు గదులు. ఇరవై ఒకటి, పాత ఊరు. ఇరవై రెండు, మసీదు గల్లీ. ఇరవై మూడు, బస్టాండు వెనక. ఉస్తాదే స్వయంగా గీకి, సున్నం కొట్టి, ఎండబెట్టి రాశాడు. మసీదు గల్లీ అని రాసేటప్పుడు ఇంకో రెండడుగులు వెనక్కి వెళ్లి చూసుకున్నాడు. అది ఆయన గల్లీ.

అయితే ఆ గదిలో ఆయన ఆ ఏడు ఓటెయ్యలేదు. అది నా పుణ్యం. పోలింగు రోజే కొంపల్లిలో ఒక కర్రీ పాయింటువాడు మర్నాడు ప్రారంభమని బోర్డు కోసం పట్టుబట్టాడు. "నాలుగ్గంటలకల్ల వాపస్ వస్తం ఉస్తాద్," అని బయల్దేరదీశాను. బోర్డు పూర్తయ్యేసరికి నాలుగు దాటింది. దారిలో బండి పంక్చరైంది. రోడ్డు పొడుగునా పంక్చర్ బోర్డులు రాసినవాణ్ని, ఆ రోజు ఒక్క డబ్బా తెరిచి లేదు, అందరూ ఓటుకు పోయారు. మేం బడి చేరేసరికి గేటు మూశారు. నేనేమో ఊరుకోకుండా, "గంత పెద్ద నియోజకవర్గంల నీ ఒక్క ఓటు లేకుంటె ఏమైతది ఉస్తాద్, చెరువుల చెంచాడు నీళ్లు," అన్నాను.

ఆయన గేటు చువ్వ ఒకసారి పట్టుకుని వదిలి, ఇంటికి నడిచాడు. ఐదోరోజు, "నా చేత్తోని రాసిన గదిలకు నేను పోలేకపోయిన," అన్నాడు. అంతే. ఐదేళ్లూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

ఐదేళ్లలో లోకం మారిపోయింది. ఫ్లెక్సీలు వచ్చి మా బ్రష్షుల పొట్ట కొట్టాయి. శామీర్‌పేట చుట్టూ చేన్లున్న చోట విల్లాల కాలనీలు మొలిచాయి. ఉస్తాద్ చెయ్యి వణకడం మొదలైంది, కంట్లో పొర కమ్మింది. గల్లీ మొదట్లో బల్ల మీద కూర్చుని, రంగులు కలపమంటే మాత్రం వాసన చూసి కలిపేవాడు. ఇక పని నేనొక్కణ్నే చూసుకునేవాణ్ని.

2014 ఎన్నిక వచ్చింది. తెలంగాణ ఖాయమైంది. కొత్త రాష్ట్రానికి మొదటి ఓటు అని ఊరూరా ఒకటే కదలిక. ఎవరూ ఒకచోట కుదురుగా లేరు. దానికి తోడు, లిస్టులో పేర్లు తీసేస్తున్నారని, పోయినసారి వెయ్యనివాళ్ల పేర్లు ముందు తీసేస్తారని ఒక పుకారు. అది ఎవరు పుట్టించారో నాకు తెలియదు, ఈసారి నిజంగా నేను కాదు. ఉస్తాద్‌ను మాత్రం అది పురుగులా తొలిచింది. కనపడినప్పుడల్లా అడిగేవాడు.

"నా పేరుంటదంటవా?"

"ఉంటది ఉస్తాద్. నీ పేరు తీసేసెటోడు ఇంక పుట్టలే."

"పోయినపారి ఏయలే గద."

ఇంటికి ఓటరు చీటీ వచ్చాకే కాస్త నిమ్మళించాడు. దాన్ని మడిచి కుర్తా జేబులో పెట్టుకున్నాడు. అందులో చిన్న అక్షరాలు ఆయనకు కనపడవు. నేను చదివి పెట్టలేదు, ఆయన అడగలేదు. అడగాల్సిన పనేముంది? ఏ గదో ఆయనకు తెలుసు. ఆయన రాసిందే కదా.

గదుల నంబర్లు రాసే పని మళ్లీ నాకే వచ్చింది. ఆఫీసులో క్లర్కు సారు ఒకాయన లిస్టు కాగితం చేతిలో పెట్టి, "రెండు రోజుల్లో పదకొండు బళ్లు అయిపోవాలె," అన్నాడు. మండే ఎండలు. బండి మీద రంగు డబ్బాలు, నిచ్చెన, నేను. శామీర్‌పేట బడికి వచ్చేసరికి రెండో రోజు మిట్టమధ్యాహ్నం. కాగితం తీశాను. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. గోడలు చూశాను. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. ఉస్తాద్ అక్షరాలు కాస్త వెలిశాయంతే, గీతలన్నీ నిలబడే ఉన్నాయి. గీకడం, సున్నం, ఎండబెట్టడం, అంత టైమెక్కడిది? పాత గీతల మీద నుంచే నల్ల రంగు నడిపించాను. పసుపు అంచులు సరిచేశాను. గంటలో మూడు గదులూ కొత్త పెళ్లికూతుళ్లలా మెరిశాయి. క్లర్కు సారు బండి దిగకుండానే గేటు బయటి నుంచి చూసి, "మస్తుగుంది," అని టిక్కు పెట్టుకుని పోయాడు.

కాగితంలో నంబర్ల పక్కన ఏముందో చదవలేదు. చెయ్యి దాని అంతట అదే నడిచింది. కండ్లు పండుకున్నాయి.

పోలింగు రోజు పొద్దున్నే అత్వెల్లిలో నా ఓటు వేసేశాను. మధ్యాహ్నం భోజనం చేసి, ఉస్తాద్ వేలి మీద సిరా చూద్దామని శామీర్‌పేట పోయాను. ఐదేళ్ల పాపం కడుక్కోవాలని నా ఆత్రం. నాలుగున్నరైంది. ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా, కొత్త టోపీ. ఎడమచేతి వేలు చూశాను. సిరా లేదు.

"ఏంది ఉస్తాద్, లైను ఎక్కువుందని వాపస్ వచ్చినవా? నేను లైన్ల నిలబడ్తగాని నువ్వు బుర్ఖా ఏస్కొని రా, ఆడోళ్ల లైను చిన్నగుంటది."

నవ్వడని తెలిసే అన్నాను. కానీ ఆయన ముఖం ఎత్తనే లేదు.

"నా పేరు తీసేసిన్రు."

"ఎవరన్నరు?"

"రెండు గంటలు నిలబడిన. లోపటికి పోయినంక లిస్టుల లేదన్నరు. ఎనక దర్వాజా నుంచి బయటికి పంపిన్రు." టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "పోయినపారి ఏయలే గద. అందుకే," అన్నాడు.

జేబులోంచి చీటీ తీసి నా చేతిలో పెట్టాడు. పేరుంది. ఫోటో ఉంది. కేంద్రం నంబరు ఇరవై మూడు.

"ఉస్తాద్, ఏ గదిలకు పోయినవ్?"

"నా గదిలకే. మసీదు గల్లీ అని నువ్వే గద దిద్దినవ్."

బండి పెట్టె తెరిచి ఆ లిస్టు కాగితం తీశాను. రంగు మరకలతో అది అక్కడే పడి ఉంది. ఇరవై రెండు, దాని పక్కన కొత్త విల్లాల కాలనీ. ఇరవై మూడు, బస్టాండు వెనక, మసీదు గల్లీ. విల్లాలవాళ్లకు ఒక గది కావాల్సి వచ్చి, మసీదు గల్లీని తీసి పక్క గదిలో కలిపారు. నంబర్లు అవే. మనుషులు మారారు. నేను గీకి ఉంటే, గోడ ఖాళీగా ఉండి ఉంటే, కాగితం చదవక తప్పేది కాదు.

"బండెక్కు ఉస్తాద్," అన్నాను. ఆయన కర్ర అందుకుని ఎక్కాడు.

బడిలో ఇరవై రెండో గది ముందు ఇంత పొడుగు లైను. సగం విల్లాలవాళ్లు, నల్ల కళ్లద్దాలు, నీళ్ల బాటిళ్లు. సగం మసీదు గల్లీవాళ్లు. గోడ మీద నా నల్ల అక్షరాలు మెరుస్తున్నాయి. లైను ముందు దర్వాజా నుంచి లోపలికి పోతోంది, బయటికొచ్చేది వెనక దర్వాజా నుంచి. అందుకే లోపల పేరు లేదన్న సంగతి బయట నిలబడ్డవాళ్లకు తెలియడం లేదు. తెలివైనవాళ్లు ఒకరిద్దరు అడిగి తెలుసుకుని పక్క గదికి పోయారు. మిగతావాళ్లు పేరు తీసేశారనే పుకారు ముందే విని ఉన్నారు కదా, తలొంచుకుని వెనక గేటు నుంచే ఇంటికి పోయారు.

ఉస్తాద్‌ను ఇరవై మూడో గది లైన్లో నిలబెట్టి, చల్లగా జారుకుందామనుకున్నాను. నిజం చెప్తున్నాను, అదే అనుకున్నాను. ఆయన పేరు దొరికితే చాలు, నాకు ఇంకేం కావాలి? కానీ ఆయన లైను దగ్గరకు పోకుండా ఇరవై రెండో గది గోడ దగ్గరకు నడిచాడు. కళ్లు సరిగ్గా కనపడవు కదా, బొటనవేలితో అక్షరాన్ని తడిమాడు. ఒకసారి పైకి, ఒకసారి కిందకి.

"ఇది నా గీతనే," అన్నాడు. "మందంగున్నది. గీకలే గద?"

"గీకలే ఉస్తాద్."

"ఇండ్లకు ఎంతమంది పోయిన్రు?"

"తెల్వదు."

"నేనొక్కణ్నే పోయిననుకున్నవా?"

లోపలికి పోయి ప్రిసైడింగ్ ఆఫీసరు మేడంను బయటికి పిలిచాను. ఎక్కడో దూరపు ఊరి నుంచి డ్యూటీకి వచ్చిన లెక్కల టీచరట. చెమటతో తడిసిపోయి ఉంది. కాగితం చూపించాను. గోడ చూసింది.

"పొద్దుట్నుంచి ఇంతమంది తప్పు గదికి ఎందుకొస్తున్నారా అనుకుంటున్నా. నేను లోపల పని చూసుకోవాలా, బయటికొచ్చి గోడలు చదవాలా? ఎవరు రాశారండీ ఇది?"

లైనంతా మా వైపు తిరిగింది. నా నాలుక మీదికి ఎప్పట్లాగే ఒక మాట వచ్చింది, 'గోడే రాసుకుంది మేడం' అని. మింగేశాను.

"నేనే రాసిన మేడం. లిస్టు సదవకుంట పాతదాని మీద దిద్దిన. మసీదు గల్లీ అందరిది పక్క గది. అన్నా, అక్కా, మీరు ఈ లైను ఇడిసి గా లైన్లకు పోవాలె."

లైన్లో మధ్యన ఉన్న టీ హోటలాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఈడా! నల్లా నీళ్లోడు! లైను ఖాళీ జేయించెటందుకు మజాక్ జేస్తాండు. ఎవ్వలు కదలకున్రి."

ఎవరూ కదల్లేదు. విల్లా సారు ఒకాయన నవ్వాడు కూడా. అప్పుడు మేడం లోపలికి పోయి చాక్‌పీసుల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "కొట్టేసి సరిగ్గా రాయండి," అంది. ఆరో తరగతి తర్వాత చాక్‌పీసు పట్టుకోవడం అదే. మసీదు గల్లీ అన్న ఉస్తాద్ అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టాను. పక్క గోడ మీద అవే అక్షరాలు తెల్లగా రాసి బాణం గుర్తు వేశాను. మేడం తన నోటితో ఇంకోసారి చెప్పాకే లైను కదిలింది. కదులుతూ ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అనే పోయారు. టీ హోటలాయన నా నెత్తి మీద ఒకటి మొట్టి మరీ పోయాడు. ఆ మొట్టికాయ బాకీ ఆయనకు నల్లా నాటి నుంచి ఉంది.

ఇక ఇళ్లకు పోయినవాళ్లు. అప్పటికి ఐదు దాటింది. ఆరింటికి గేటు మూస్తారు. ఉస్తాద్‌ను ఇరవై మూడో గది లైన్లో పెట్టి, "ఇక్కడి నుంచి కదలకు," అని చెప్పి గల్లీలోకి పరిగెత్తాను.

మొదటి తలుపు కొట్టాను. "పెద్దమ్మా, నీ పేరున్నది. పక్క గదిల ఉన్నది. రా పోదాం."

"నీ మాట ఇని బిందెలు నింపినం, సాలదా?" తలుపు మూసింది.

రెండో ఇంట్లో నన్ను చూడగానే పిల్లలు కిలకిలా నవ్వారు. వాళ్ల నాయిన మంచం మీద నుంచి లేవకుండానే, "ఈసారి ఏం మజాక్ తెచ్చినవ్ భాయ్?" అన్నాడు. మూడో ఇల్లూ అంతే. చేతులు జోడించాను. చేతులు జోడిస్తే ఇంకా నవ్వారు. నా ముఖమే అట్లాంటిది, ఏడ్చినా నవ్వులాటలా ఉంటుంది. ఇన్నేళ్లు జనాన్ని నవ్వించి గొప్ప పని చేస్తున్నాననుకున్నాను. అవసరానికి ఒక్క నిజం చెప్పబోతే తీసుకునేవాడు లేడు.

గల్లీ మధ్యలో నిలబడి ఏం చెయ్యాలో తోచక అటూ ఇటూ తిరుగుతుంటే ఉస్తాద్ కనిపించాడు. లైను వదిలేసి వచ్చాడు. కర్ర టకటకలాడిస్తూ, మోకాలు ఈడ్చుకుంటూ.

"లైనెందుకు ఇడిసినవ్ ఉస్తాద్! గేటు మూస్తరు!"

ఆయన నన్ను దాటుకుని పోయాడు. మొదటి తలుపును కర్రతో కొట్టాడు. ఆ పెద్దమ్మే తలుపు తీసింది. ఆయన చీటీ పైకెత్తి చూపించి ఒక్కటే అన్నాడు. "గోడ తప్పు. మన పేర్లున్నయ్. చలో."

ఆమె చెప్పులేసుకుంది.

అట్లా ఇల్లిల్లూ అదే మాట, అదే గొంతు. గోడ తప్పు అన్నాడు గానీ వీడి తప్పు అని ఒక్క ఇంట్లో కూడా అనలేదు. నేను వెనక నడుస్తూ ప్రతి ఇంటి ముందూ ఆ మాట విన్నాను. తిట్టినా బాగుండేది.

గల్లీ చివరన ఒక ఇంటికి తాళం వేసి ఉంది. అందులో ఉండే అక్క మేడ్చల్ అవతల ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోయేది. పక్కింటివాళ్లు చెప్పారు. "పొద్దుగాల్నే లైన్ల నిలబడ్డది. పేరు లేదన్నరట. రెండో షిఫ్టు బస్సొస్తె ఎక్కి పోయింది." ఉస్తాద్ ఆ తాళాన్ని వేళ్లతో తడిమి, ముందుకు నడిచాడు.

బడి గేటు కనిపించేసరికి కానిస్టేబులు ఒక రెక్క మూసేశాడు. ముందు నడిచేవాళ్లు పరుగందుకున్నారు. పెద్దమ్మ, పిల్లల నాయిన, ఇంకా ఎవరెవరో లోపలికి దూరారు. ఉస్తాద్ పరిగెత్తలేడు. నా భుజం పట్టుకోమన్నాను. "నువ్వు ముందు పోయి ఆళ్లను లైన్ల నిలబెట్టు," అని నెట్టేశాడు. గేటు రెండో రెక్క కదిలింది. నేను దానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏయ్, జరుగు. టైమైంది."

"సారు, గాయన ఒక్కడే. గీ గోడలు రాసినాయన. గీ ఒక్కసారి."

"గోడలు రాస్తె గేటు మీ ఇంటిదైతదా?"

అంటూనే కానిస్టేబులు ఆయన నడక చూశాడు. తెల్ల కుర్తా దుమ్ము కొట్టుకుపోయింది. చేతిలో చీటీ ఎత్తి పట్టుకునే వస్తున్నాడు. కానిస్టేబులు గడియారం చూసుకుని, ఇంకా అర నిమిషం ఉందని తనకు తానే చెప్పుకున్నట్టు గొణిగి, గేటు ఆపాడు. "జల్దీ రా పెద్దాయనా."

ఉస్తాద్ లోపలికి అడుగు పెట్టాడు. గేటు పడింది. లైన్లో అందరికన్నా చివర ఆయన.

ఓటింగు టైము ముగిసే వేళకు లైన్లో ఉన్నవాళ్లందరికీ సంతకం పెట్టిన చీటీలు పంచుతారు, ఆ చీటీ ఉన్నవాళ్లు ఎంత ఆలస్యమైనా ఓటెయ్యొచ్చు. మధ్యలో కొత్తవాళ్లు వచ్చి వెనక చేరకుండా ఆ చీటీలు లైను తోక నుంచి మొదలుపెట్టి పంచుతారు. ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఇరవై మూడో గది ఆఫీసరు తిన్నగా చివరికి నడిచి వచ్చి, ఒకటో నంబరు చీటీ ఉస్తాద్ చేతిలో పెట్టాడు.

"నంబరెంత?" అని అడిగాడు.

"ఒకటి ఉస్తాద్."

"చివర నిలబడ్డోనికా?"

"చివర నిలబడ్డోనికే."

ఆయన పెదవి ఒక పక్కకు కొంచెం కదిలింది. అది నవ్వేనని ఒట్టేసి చెప్పలేను. గల్లీలో ఎవరికీ చెప్పుకోలేదు కూడా, చెప్తే నమ్మరు.

గంట తర్వాత వెనక దర్వాజా నుంచి బయటికొచ్చాడు. వేలి మీద సిరా. "రెండు మిషన్లున్నయ్, ఎంపీకొకటి ఎమ్మెల్యేకొకటి. రెండిట్ల ఏసిన," అన్నాడు, బండెక్కుతూ.

ఫలితాలొచ్చాయి. 2009లో గెలిచిన జెండా 2014లో గెలవలేదు. చదువుకున్నవాళ్లు రాసుకునే చరిత్ర అది. నా చరిత్రలో ఇంకో మనిషి మిగిలింది.

పోలింగైన మూడు రోజులకు ఆ ప్యాకింగు అక్క ఇంటికి పోయాను. తప్పు నాదని చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"తమ్మీ, నా పేరు తీసేసిన్రనుకొని బస్సుల ఏడ్చిన. పక్కామె ఎందుకేడుస్తున్నవంటె సిగ్గయి, కంట్ల దుమ్ము పడ్డదన్న. ఇప్పుడు పేరున్నదంటవ్. గిప్పుడు దేనికని ఏడ్వాలె నేను?"

చేతులు జోడించి బయటికి వచ్చేశాను. పనిలో పడ్డ పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. మీ తప్పు ఎప్పుడూ సాయంత్రంలోపల దిద్దేటట్టే ఉండదు. రెండో షిఫ్టు బస్సు ఒకటి ముందే వెళ్లిపోయి ఉంటుంది.

ఎండాకాలం సెలవులయ్యి బడి తెరిచే ముందు ఉస్తాద్ కబురు పెట్టాడు. పోయేసరికి ఇరవై రెండో గది ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో ఇనుప పట్టీ. నా చేతికిచ్చాడు. గీకాను. ముందు నా నల్ల రంగు పెచ్చులుగా లేచింది. దాని కింద ఆయన నలుపు. దాని కింద పసుపు. దాని కింద ఎప్పటివో సున్నాలు. పెచ్చు రాలిన ప్రతిసారీ ఆయన చేతి వేళ్లతో తడిమి చూసి, ఇంకా, ఇంకా అన్నాడు. పొద్దెక్కేసరికి గోడ ఒట్టి సిమెంటై నిలబడింది. సున్నం కొట్టాను. బ్రష్షు కడిగి, రంగు డబ్బా మూత తీసి, అలవాటుగా అడిగాను.

"ఇప్పుడేం రాయాలె ఉస్తాద్?"

"ఏం రాయకు," అన్నాడు. "ఎండనీ."